పాపాలు చెప్పాకే మంచం

కాపెల్, టెక్సస్. కార్తీక మాసంలో ఒక శనివారం, మధ్యాహ్నం మూడున్నర. హాల్లో సోఫా బెడ్ మీద, కుడికాలికి కట్టుతో భాస్కర్. పక్కన, నల్ల దుప్పటి మీద తెల్ల టేప్‌తో సిలువ అంటించుకుని కూతురు అవని, ఎనిమిదో తరగతి.

"లేదు నాన్నా, నో. ముందు పాపాలు చెప్పాలి. తర్వాతే పెరుగన్నం."

"ఏం పాపాలే?"

"నీవి. నా స్కూల్ ప్రాజెక్ట్‌లో నైట్స్ రూల్ బుక్ ఉంది కదా, అందులో ఫస్ట్ అదే ఉంది. జబ్బు మనిషి హాస్పిటల్‌కి రాగానే పాపాలన్నీ చెప్పేయాలి. తర్వాత మంచం. తర్వాత ఫుడ్."

"పన్నెండు రోజులుగా ఈ మంచం మీదే పడున్నానుగా. ఇప్పుడడుగుతావేంటి?"

"ఆ పేజ్ మిస్ అయ్యాను. సారీ. నా మిస్టేక్."

"సాఫ్ట్‌వేర్ ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక రిక్వైర్‌మెంట్ మారిస్తే మా టెస్టింగ్ టీమ్‌లో ఊరుకోరమ్మా. ఇలా తే ఆ గిన్నె."

"ముట్టుకోకు! వెండిది."

"తెలుసు. నీ అన్నప్రాశనకి మా అమ్మ పెట్టింది. దేవుడి గదిలోంచి పట్టుకొచ్చావా? మీ అమ్మ చూసిందంటే..."

"మాల్టాలో వాళ్ళ హాస్పిటల్‌లో పేషెంట్స్‌కి వెండి ప్లేట్స్‌లోనే పెట్టేవాళ్ళు. నైట్స్ అంటే ఊరికే కాదు నాన్నా, పెద్ద పెద్ద ఫ్యామిలీస్‌లోంచి వచ్చిన వీరులు. వాళ్ళే వడ్డించాలి. పేషెంట్ తిన్నాకే వాళ్ళు తినాలి. ఎందుకంటే పేషెంటే లార్డ్."

"ఆ లార్డ్‌కి ఆకలేస్తోంది."

"పాపాలు, ప్రభూ."

"ప్రభూ ఏంటే, తల తిరుగుతోంది నాకు. మొన్న బాత్రూమ్‌కి వెళ్తుంటే ఉన్ని టోపీ పెట్టావు. బయట ఎండ మాడ్చేస్తోంది, ఇంట్లో ఏసీ తిరుగుతోంది, నేను ఉన్ని టోపీ."

"రూల్ నాన్నా. బాత్రూమ్‌కి వెళ్ళే పేషెంట్‌కి బూట్స్, ఉన్ని టోపీ, గొర్రె తోలు కోట్. కోట్ దొరకలేదు."

"దొరక్కపోవడం నా అదృష్టం. ఇంకా నయం, ఆ యూరిన్ సంగతి..."

"యూరిన్ చూసి జబ్బు చెప్పే డాక్టర్లు నలుగురు ఉండాలి. నేను ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేది కాదమ్మా అది. టైమెంతయింది?"

"మూడు ముప్పై రెండు."

"గరాజ్ తలుపు వాడు నాలుగుకి కదూ?"

"నాలుగుకి. అమ్మ షాప్‌నుంచి డైరెక్ట్‌గా గరాజ్ దగ్గరికే వస్తానంది."

"ఊఁ."

"నాన్నా, తలుపు ఎవరు నొక్కారో వాడికి తెలుస్తుందా?"

"ఎవరు నొక్కడమేంటి?"

"అంటే... రిమోట్ నొక్కారా, లోపలి గోడ మీద బటన్ నొక్కారా, ఎన్నింటికి నొక్కారు, అవన్నీ మెషిన్‌లో ఉంటాయట. మా క్లాస్‌లో రోహన్ చెప్పాడు. వాళ్ళింట్లో అలాగే దొరికిపోయాడు."

"అన్నీ ఉంటాయా?"

"అన్నీ."

"రిమోట్ కూడా?"

"కూడా."

"అలాంటప్పుడు... అసలీ టెక్నీషియన్ ఎందుకు చెప్పు? రావొద్దంటే పోతుందిగా."

"అవును నాన్నా! వద్దందాం. పాపం, శనివారం."

"వాడికీ పెళ్ళాం పిల్లలుంటారు."

"కదా!"

"కానీ మీ అమ్మ వినాలిగా. మనిషి కాలు విరగ్గొట్టిన తలుపుని ఊరికే వదలను, కంపెనీ మీద కేస్ వేస్తానంటోంది."

"నువ్వే కదా చెప్పావు, తలుపు దానంతట అదే మీద పడిందని?"

"చెప్పాను. నొప్పిలో చెప్పాను. నొప్పిలో మనిషి ఏదో అంటాడు."

"అంటే పడలేదా?"

"పడిందిలే. పెరుగన్నం పుల్లబడుతోంది అవనీ."

"ఎలా పడింది? నువ్వు ఎక్కడ నిలబడ్డావు?"

"పడింది అంతే. కాలు విరిగింది అంతే. నీ ప్రాజెక్ట్ గురించి చెప్పు. ఈ నైట్లు... మిలిటరీ అన్నావు, మళ్ళీ హాస్పిటల్ అన్నావు. రెండిట్లో ఏది?"

"రెండూ. ఫస్ట్ హాస్పిటల్, జెరూసలేంలో. యాత్రకి వచ్చి జబ్బుపడ్డ వాళ్ళ కోసం. క్రిస్టియన్సే కాదు, ఎవరొచ్చినా చూసేవాళ్ళని టీచర్ చెప్పారు. తర్వాత కత్తులు కూడా పట్టుకున్నారు."

"అంటే కాలు విరగ్గొట్టేదీ వాళ్ళే, కట్టు కట్టేదీ వాళ్ళేనా? బాగుంది వ్యాపారం."

"ఎందుకలా అన్నావు?"

"ఎలా?"

"కాలు విరగ్గొట్టేదీ అని. ఎందుకు కాలు అన్నావు?"

"కాలు విరిగినవాడికి కాలే గుర్తొస్తుంది. ఏంటే, మొహం అలా పాలిపోయింది? నువ్వు తిన్నావా?"

"నువ్వు తినలేదుగా."

"సరేలే. తర్వాత ఏమైంది వాళ్ళకి?"

"జెరూసలేం పోయింది. సైప్రస్ వెళ్ళారు. తర్వాత రోడ్స్ అని ఐలండ్. అదీ పోయింది. మాల్టా వెళ్ళారు. నెపోలియన్ వచ్చి అదీ తీసేసుకున్నాడు. కానీ వెళ్ళిన ప్రతిచోటా హాస్పిటల్ పెట్టారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"రోమ్‌లో. దేశం లేదు. కానీ పాస్‌పోర్ట్స్ ఇస్తారు, అంబాసిడర్లు కూడా ఉన్నారు."

"దేశం లేకుండా పాస్‌పోర్టా! మనకి చూడు, ఇల్లుంది, లాన్ ఉంది, ఆ లాన్ కొయ్యకపోతే నోటీస్ పంపే అసోసియేషన్ ఉంది. పదమూడేళ్ళైంది, గ్రీన్ కార్డ్ మాత్రం లేదు. వాళ్ళ లాయర్ ఎవరో కనుక్కో."

"నాన్నా, టాపిక్ మార్చకు. పాపాలు."

"ఆ పుస్తకంలో పనికొచ్చే రూల్ ఒక్కటైనా ఉందా?"

"ఉంది. వారానికి మూడు రోజులు పేషెంట్‌కి మాంసం పెట్టాలి. పోర్క్ కానీ మటన్ కానీ. అది పడకపోతే చికెన్."

"మళ్ళీ చదువు."

"అది పడకపోతే చికెన్."

"అలా రాసుందా?"

"ఎనిమిది వందల ఏళ్ళ కింద రాశారు."

"అప్పట్లోనే మనుషులకి ఎంత బుద్ధి ఉండేదో చూడు. మీ అమ్మకి చూపించావా ఇది?"

"చూపించాను. కార్తీక మాసం అయ్యేదాకా ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రాదంది. రూల్ తప్పితే నాకు పనిష్‌మెంట్ అని చెప్పాను. అది కూడా తనే ఇస్తానంది."

"ఇస్తుంది."

"నాన్నా, చికెన్ అనగానే అటు చూస్తున్నావేంటి?"

"ఎటు?"

"గరాజ్ వైపు."

"అబ్బే. మెడ పట్టేసింది."

"అక్కడేదో చచ్చింది తెలుసా? వాసన. అమ్మ ఎలుకల మందు పెట్టింది."

"పెట్టనీ. ఎలుకే అయ్యుంటుంది. సరే, పాపాలే కదా నీకు కావలసింది, రాసుకో. ఒకటి. ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసి పడుకున్నాను."

"అది అందరూ చేస్తారు. నెక్స్ట్."

"రెండు. మీ అమ్మ చేసిన కాకరకాయ పులుసు సింక్‌లో పోసి, కింద చెత్త నలిపే గ్రైండర్ ఆన్ చేశాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ."

"నేనూ అంతే. నెక్స్ట్."

"మూడు. గుళ్ళో పూజారిగారు గోత్రం అడిగితే సగం సార్లు గుర్తురాక, ముందున్నాయన ఏది చెప్తే నేనూ అదే చెప్పేశాను."

"అంటే మన పూజలన్నీ..."

"ఆయనకి పోయుంటాయి. అందుకే వాళ్ళకి గ్రీన్ కార్డ్ వచ్చేసింది."

"ఇవన్నీ చిన్నవి నాన్నా. పెద్దది కావాలి."

"ఎంత పెద్దది?"

"కాలు విరిగేంత."

"ఏమన్నావు?"

"ఏం లేదు. పెద్దది చెప్పు. నీదయ్యాక నాది. నైట్స్ కూడా చెప్పాలి."

"నీకేం పాపాలుంటాయే, పదమూడేళ్ళ పిల్లవి."

"నువ్వు ముందు చెప్పు! నాలుగు అయిపోతుంది. ప్లీజ్ నాన్నా."

"అరవకు. చెప్తాను. మీ అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి."

"నైట్ ఎవరి పాపం బయటికి చెప్పకూడదు."

"గరాజ్ తలుపుకి కింద రెండు వైపులా చిన్న కళ్ళలాంటివి ఉంటాయి, చూశావా? సెన్సర్లు. మధ్యలో మనిషి గానీ వస్తువు గానీ ఉంటే తలుపు కిందికి దిగదు, ఆగిపోతుంది."

"తెలుసు."

"మొన్న సేల్‌లో సోనా మసూరి బస్తాలు ఎనిమిది తెచ్చాంగా. అవి అడ్డొచ్చి తలుపు మూసుకునేది కాదు. బస్తాలు జరపమంది మీ అమ్మ. నడుం పట్టేస్తుందని... ఆ రెండు సెన్సర్లూ ఊడదీసి, ఒకదానికొకటి ఎదురెదురుగా పెట్టి, రబ్బర్ బ్యాండేసి పైన కట్టేశాను."

"నాన్నా! నువ్వు టెస్టర్‌వి!"

"అందుకేగా ఎలా బైపాస్ చేయాలో తెలిసింది."

"అంటే తలుపుకి మనుషులు కనబడరా?"

"ఎలా కనబడతారు? ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ కూర్చుంటాయి. అంతా క్లియర్‌గా ఉందనుకుంటుంది తలుపు."

"అయితే... అయితే తప్పు నీదే కదా? మొత్తం?"

"సగం."

"మిగతా సగం?"

"అది తర్వాత. టెక్నీషియన్ పైకి చూడకపోతే ఆ సగం అవసరమే రాదు. ఇక నీ వంతు. ఆగు, ఇవన్నీ ప్రాజెక్ట్‌లో రాస్తావా ఏంటి? మీ టీచర్ చదువుతారా?"

"రాయను."

"ఎప్పుడివ్వాలి ప్రాజెక్ట్?"

"ఊఁ?"

"ఎప్పుడివ్వాలే?"

"ఇచ్చేశాను. పోయిన శుక్రవారం. ఏ మైనస్ గ్రేడ్ వచ్చింది."

"పోయిన శుక్రవారమా? ఎనిమిది రోజులైంది. మరి ఈ దుప్పటి ఏంటి? ఈ వెండి గిన్నె? పొద్దున ఆరింటికి లేచి నాకు ఇడ్లీ పెట్టి స్కూల్‌కి పోవడమేంటి? పన్నెండు రోజుల నుంచి నేల మీద కూర్చుని తింటున్నావు. అమెరికాలో పుట్టినా సంప్రదాయం వచ్చిందని మీ అమ్మ మురిసిపోతోంది. వాళ్ళ అక్కకి వీడియో కూడా పంపింది."

"అది సంప్రదాయం కాదు నాన్నా. తప్పు చేసిన నైట్ నేల మీద కూర్చుని తినాలి. ఏడు రోజులు. నేను ఇంకో ఐదు యాడ్ చేశాను."

"ఏం తప్పు?"

"నువ్వు తిన్నాకే నేను తిన్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. అది కౌంట్ అవుతుందా?"

"దేనికి కౌంట్ అవ్వాలే? అవనీ, ఇటు చూడు. ఎందుకేడుస్తున్నావు? ఆ దుప్పటితో తుడుచుకోకు, టేప్ ఊడొస్తోంది."

"నేనే నాన్నా."

"ఏంటి నువ్వే?"

"కంపెనీ కాదు. తలుపు దానంతట అదే పడలేదు. నేనే నొక్కాను. ఆ రోజు అమ్మ టెక్స్ట్ చేసింది, వచ్చేస్తున్నా, చేతినిండా సామాన్లున్నాయి, గరాజ్ బటన్ నొక్కు అని. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకునున్నాను. లోపలి తలుపు కొంచెం తీసి, చెయ్యి మాత్రం పెట్టి, గోడ మీద బటన్ నొక్కేశాను. తొంగి కూడా చూడలేదు. అప్పటికే తెరిచి ఉన్న తలుపు కిందికి దిగిపోయుంటుంది. ఒక్కసారి చూసుంటే నువ్వు కనబడేవాడివి. తిరిగి వెళ్తుంటే నీ అరుపు వినబడింది. పాటలోంచి కూడా వినబడింది. అమ్మ వచ్చి అంబులెన్స్ పిలిచింది. నువ్వు తలుపే పడిందన్నావు. నేను చెప్దామనుకున్నాను. రోజూ చెప్దామనుకున్నాను. కాలు విరగ్గొట్టేదీ కట్టు కట్టేదీ ఒకళ్ళేనా అన్నావుగా ఇందాక. అవును నాన్నా. నేనే."

"ఎన్నిసార్లు నొక్కావు?"

"ఒకసారే."

"ఖాయంగా ఒకసారేనా?"

"ఒకసారి చాలదా! నీ కాలికి రెండు స్క్రూలు వేశారు!"

"పాటలు అంత గట్టిగా పెట్టుకుంటావా?"

"అదా ఇప్పుడు? ఎందుకు నవ్వుతున్నావు? పెయిన్ మందు ఎక్కువైందా? నాన్నా, భయమేస్తోంది. తిట్టు. తిట్టు కానీ నవ్వకు."

"ఫోన్ మోగుతోంది. మీ అమ్మ. స్పీకర్‌లో పెట్టు."

"అప్పుడే వచ్చేశాడా? నాలుగు కాలేదు! నాన్నా, ఎత్తొద్దు."

"ఎత్తు. హలో... చెప్పు ఉమా."

"ఏమండీ, టెక్నీషియన్ ముందే వచ్చేశాడు. ఇద్దరం గరాజ్‌లోనే ఉన్నాం. ఈ సెన్సర్లు పైన రబ్బర్ బ్యాండేసి కట్టున్నాయట. ఎవరి పని ఇది?"

"నా పనే. తర్వాత చెప్తా."

"అతను ఫోన్‌లో ఏదో లిస్ట్ తీశాడు. ఆ సోమవారం నాలుగూ నలభై రెండుకి లోపలి గోడ బటన్ ఎవరో నొక్కారంటున్నాడు. తలుపు పాడవ్వలేదు, ఎవరో నొక్కారు మేడమ్ అంటున్నాడు. ఇంట్లో ఉన్నది మీరిద్దరే. ఎవరండీ?"

"అమ్మా, నే—"

"అవనీ, నువ్వు మాట్లాడకు. ఉమా, నేను చెప్తాను."

"మీరేం చెప్తారు? మీరు తలుపు కింద ఉన్నారుగా!"

"ఆ లిస్ట్‌లో దానికి ముందు ఇంకో లైన్ ఉంటుంది. చదవమను."

"ఆగండి... నాలుగూ నలభై ఒకటి. రిమోట్ అనుందిట. రిమోట్ ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే."

"మీరు పైన మీటింగ్‌లో ఉన్నానన్నారు. గరాజ్‌లో రిమోట్ పట్టుకుని ఏం చేస్తున్నారు?"

"కుర్చీ వేసుకుని కూర్చున్నాను."

"ఎందుకు?"

"చికెన్ పకోడీ తింటున్నాను."

"ఏమన్నారు?"

"ఇంట్లోకి వాసన రాకుండా వాకిలి దగ్గర కూర్చుని తింటున్నాను. నీ కారు సందు మలుపు తిరగడం చూసి రిమోట్ నొక్కాను, తలుపు మూసేద్దామని. డబ్బా బయట ఉండిపోయింది. కాలితో లోపలికి లాగబోయాను."

"కార్తీక సోమవారం."

"అవును."

"నేను చుక్క కనబడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉన్న రోజు."

"అవును ఉమా."

"ఆ డబ్బా ఏది?"

"బియ్యం బస్తాల వెనక్కి తోశాను."

"అందుకా ఆ వాసన! ఎలుక చచ్చిందని మూడు షాపులు తిరిగి మందు తెచ్చాను! కంపెనీకి పదకొండు ఈమెయిల్స్ రాశాను! మా ఆయన కాలు, మా ఆయన కాలు అని లాయర్ దగ్గర ఏడ్చాను కదండీ!"

"ఆ అబ్బాయికి సారీ చెప్పి పంపెయ్. రబ్బర్ బ్యాండ్ విప్పేయమను."

"మీరు ఇటు రండి ముందు."

"ఎలా రానే? కాలు విరిగింది."

"ఉండండి. నేనే వస్తున్నా."

"పెట్టేసింది. అవనీ, ఆ గిన్నె ఇలా ఇవ్వు. వచ్చేలోపు రెండు ముద్దలు తింటాను. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో."

"నాన్నా, నా కోసం అబద్ధం చెప్పావా?"

"అబద్ధం చెప్పేవాడినైతే కార్తీక సోమవారం చికెన్ పకోడీ అంటానా? అదే ఆ మిగతా సగం. ఇంకో పదేళ్ళు వింటాను దాన్ని. నువ్వు కూడా కూర్చో. నేల మీద కాదు, ఇక్కడ. ఇద్దరం తిందాం."

"అంటే తలుపు నీ మీద పడింది రిమోట్‌తోనా?"

"రిమోట్‌తోనే. కాలు కింద ఇరుక్కుంది, రిమోట్ ఎగిరి బస్తాల కింద పడింది. నిమిషం సేపు అరిచాను, ఎవరికీ వినబడలేదు. ఇంక అయిపోయాననుకున్నాను."

"మరి నేను నొక్కింది?"

"నువ్వు నొక్కాకేనమ్మా, తలుపు పైకి లేచింది."